ఆళ్లగడ్డ పంట నంద్యాల గాదెకు

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు కాబట్టి, ఆళ్లగడ్డ డ్రిల్లు మాస్టరు యాకోబుకు ఉండిన మంచి అలవాటు ఒకటి చెప్పుకోవాలి: ఏడాది విడిచి ఏడాది ఒక గొప్ప ఫుట్‌బాల్ ఆటగాణ్ని తయారుచేసి నంద్యాలకు సమర్పించుకోవడం. ఆయన ఆ ఉద్దేశంతో తయారుచేసేవాడు కాదు. నూనె మిల్లు యజమాని శేషయ్య శెట్టి మాత్రం ఆ ఉద్దేశంతోనే చూసేవాడు.

నంద్యాలలో షీల్డు పోటీ పెట్టేది శెట్టి. నెగ్గేది శెట్టి జట్టు. ఓడినవాళ్లంటే ఆయనకు వల్లమాలిన అభిమానం. ఫైనలు కాగానే ఓడిన జట్టులో బాగా ఆడినవాడి మెడలో దండ వేసి, చేతికి కొత్త బూట్లు ఇచ్చేవాడు. ఆ దండ పడినవాడు నెల తిరగకుండా మిల్లులో గుమాస్తా అయ్యేవాడు. మరుసటేడు ఆ బూట్లతోనే సొంత ఊరి మీద గోలు కొట్టేవాడు. బేతంచెర్ల బండల పనివాళ్ల జట్టు గోల్‌కీపరు, డోన్ రైల్వే వాళ్ల బ్యాకులిద్దరూ అట్లా గుమాస్తాలైనవాళ్లే. అంతమంది కూర్చుని రాయడానికి నూనె మిల్లులో ఏముందో ఎవరూ అడగలేదు.

1957 నాటికి యాకోబు దగ్గర మిగిలిన మంచి ఆటగాడు రాజరత్నం ఒక్కడే. చెనక్కాయ చేలల్లో కూలికి పోయే ఇరవై ఏళ్లవాడు. ఉత్త కాళ్లతో ఆడినా బంతి వాడు చెప్పినట్టు వినేది. వాడూ పోతే ఆళ్లగడ్డకు జట్టే ఉండదు. ఫైనలు రోజు బస్సులో యాకోబు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“రేయ్ రత్నం, ఈ పొద్దు నువ్వు బాగా ఆడొద్దు.”

“ఏందయ్యవారూ, ఓడిపోదామంటావా?”

“ఎట్లాడినా ఓడేదే గదరా! కుంటెద్దు మాదిరి ఆడు. శెట్టి కన్ను పడకుండా ఉంటే చాలు.”

రాజరత్నం మాట నిలబెట్టాడు. సగం ఆటకే ఆళ్లగడ్డ మూడు గోల్స్ వెనకపడింది. గోలు ముందు ఎవరూ లేని చోట బంతి దొరికినా వాడు ఆకాశానికి తన్నాడు. “వీనికన్నా మా అవ్వ మేలప్పా!” అని జనంలో ఎవరో అరిచారు. శెట్టి ఆవలించాడు. అంతా అనుకున్నట్టే సాగుతోంది. యాకోబే ఆ ఆట చూడలేక తల పక్కకు తిప్పుకున్నాడు.

ఇంక పది నిమిషాలుందనగా బంతి మళ్లీ రాజరత్నం కాళ్లకు వచ్చింది. వాడు ఆగి, గీత అవతల నిలబడ్డ అయ్యవారి మొహం చూశాడు. యాకోబు ఎంత తెలివిగా ఆలోచించుకుని వచ్చినా, గోలు అంత దగ్గరగా కనబడేసరికి ఆ తెలివి నిలవలేదు.

“ఏం చూస్తాండావ్ రా? కొట్టు!”

కొట్టాడు. ఆ ఊపులో ఇంకొకటి కూడా కొట్టాడు. యాకోబు టోపీ గాల్లోకి విసిరి గెంతాడు. ఆళ్లగడ్డ రెండు, నంద్యాల మూడు. శెట్టి ఆవలింతలు మానేసి నిటారుగా కూర్చున్నాడు.

దండా బూట్లూ అయ్యాక యాకోబుకు పిలుపు వచ్చింది.

“ఇట్లాంటోన్ని దాచిపెట్టినావే యాకోబూ!” అన్నాడు శెట్టి. “గుమాస్తా పనికి నడవడిక కాగితం కావల్ల. నువ్వే రాసియ్యి.”

రాజరత్నం తల ఎత్తలేదు. “నువ్వే కొట్టమంటివి గదయ్యవారూ” అని గొణిగాడు.

యాకోబు కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాడు: ‘ఈ అబ్బాయి గురువు చెప్పినట్టు వింటాడు.’ అంతకు మించిన నిజం ఆయన ఏ కాగితం మీదా రాసి ఉండడు.