ఇత్తడి బుష్షుల మీద ఎండ

ఆ కెమెరా మిషను గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో విజయనగరం దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేవాడిని. మోటారు ఇరుసుకు తొడిగే గుండ్రటి ఇత్తడి బుష్షులు చేసేవాళ్ళం, ఒక్కోటి చిటికెన వేలి గోరంత. వాటి మీద గీతలు పట్టుకుని, గీత పడ్డవాటిని చెత్త డబ్బాలోకి తోసేసే కెమెరా మిషను కొన్నారు. కొన్నారు సరే, లైటు సంగతి ఎవడూ ఆలోచించలేదు. ఆ తలనొప్పి నాకు తగిలించారు.

లెన్సు చుట్టూ గుండ్రటి లైటు పెడితే ఇత్తడి తళతళలాడి, ఆ మెరుపునే మిషను గీత అనుకునేది. లైటుకు పల్చటి తెల్ల కాగితం కడితే మెరుపుతో పాటు గీతలూ మాయమయ్యాయి. కింద నుంచి లైటు వేస్తే బుష్షు అంచు తప్ప ఇంకేమీ కనబడలేదు. చివరికి లైటును బాగా దించి పక్కనుంచి ఏటవాలుగా వేశాను. బుష్షంతా నల్లగా ఉండి గీత ఒక్కటే తెల్లగా కనబడింది. హమ్మయ్య అనుకున్నాను.

మొదటి షిఫ్టు బాగానే నడిచింది. రెండో షిఫ్టులో మధ్యాహ్నం మూడు దాటితే చాలు, మంచి బుష్షులు కూడా చెత్త డబ్బాలో పడేవి. ఆ షిఫ్టులో మిషను చూసేది చీపురుపల్లి నుంచి రైల్లో వచ్చే ఒకావిడ. పొద్దున పొలం పని ఉంటుందని ఎప్పుడూ రెండో షిఫ్టే అడిగేది. మా వైపు అక్కను పిలిచినట్టు నేను అప్పా అని పిలిచేవాడిని. ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉంది. పర్మనెంటు చేసేవాళ్ళ జాబితాలో ఆ నెల ఆమె పేరు కూడా ఉంది.

"ఆవిడ బుష్షుల్ని నూనె చేతులతో ముట్టుకుంటోంది, ఆ మరకల్నే మిషను గీతలనుకుంటోంది. రిపోర్టు రాసివ్వు" అన్నాడు మేనేజరు.

ఆమెను అడిగితే, "మబ్బేసిన రోజు ఇది బాగానే ఉంటాది బాబూ. ఎండ కాస్తేనే పిచ్చెక్కుతాది. ఓపాలి పైకి సూడండి" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నెల రోజులు ఆ లైటుతో చచ్చింది నేను, ఈవిడ నాకు చెప్పేదేంటి? "ముందు చేతులు తుడుచుకో అప్పా" అని, తప్పు ఆమెదేనని రాసి సంతకం పెట్టేశాను. తల ఎత్తి చూడటానికి ఎంతసేపు పడుతుంది? చూడలేదు, వెధవ పొగరు.

వారం తర్వాత, ఎండ బాగా కాస్తున్న ఒక మధ్యాహ్నం, ఆమె తన గొడుగు తెచ్చి మిషను పైన విప్పి కట్టింది. ఆ పూట మంచి బుష్షు ఒక్కటీ చెత్తలో పడలేదు. పైకి చూశాను. కరెంటు ఆదా అవుతుందని కప్పులో వేసిన పారదర్శకపు రేకులోంచి ఎండ తిన్నగా కెమెరా కిందికే దిగుతోంది.

మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. "నీ రిపోర్టు చూసి ఆమె పేరు కొట్టేసి జాబితా పంపించేశాం. మిషను బాగయింది కదా, ఇంకేంటి?" అన్నాడు.

తిరిగొచ్చి ఆమెకు చెప్పాను. చేతిలో బుష్షును ట్రేలో పెట్టి నా మొహంలోకి చూసింది.

"లైటు నాలుగుసార్లు మార్సినారు బాబూ. నా మీద రాసిన ఆ కాయితం ఒక్కసారి మార్సలేరేటి?"