ఏమీ జరగని శుక్రవారం

మా చిన్నప్పుడు... గుణదలలో మేమున్న అద్దె వాటాలోకి మొదటిసారి గ్యాస్ పొయ్యి వచ్చింది. తొంభైల మొదట్లో సంగతి. కిరోసిన్ స్టవ్వుతో మసిబారిన వంటింట్లో అది తళతళా మెరుస్తుంటే ఇంటిల్లిపాదీ కళ్ళప్పగించి చూశాం...

బిగించడానికొచ్చినతను పాపం అన్నీ వివరంగానే చెప్పాడు. ఎవరు విన్నారు గనక! గుమ్మంలో నిలబడి విన్నది ఒక్క నూర్జహాన్ పిన్ని. పక్క వాటాలో ఉంటూ జాకెట్లు కుట్టేది. వాళ్ళింట్లో గ్యాసూ లేదు, ఆవిడ బడి మెట్లెక్కిందీ లేదు.

శుక్రవారం కదా, రాహుకాలం పన్నెండింటి దాకా. అది వెళ్ళాకే వెలిగించాలంది నాయనమ్మ. అమ్మ పొయ్యికి పసుపు రాసి బొట్లు పెట్టింది. గాలికి హారతి ఆరిపోతుందని కిటికీ కూడా మూసేశారు...

ఇంకో ఐదు నిమిషాలుందనగా మా బాబాయి, ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు, "ఇదిగో వదినా, ఇలా తిప్పాలి" అంటూ నాబ్‌లు అటూ ఇటూ తిప్పి చూపించాడు. ఒకటి సరిగ్గా కట్టలేదు.

కాసేపటికి వాసన మొదలైంది. "ఏంటయ్యా, ఏదో కంపు కొడుతోంది?" అంది అమ్మ.

"కొత్తది కదా వదినా, అలాగే ఉంటుందిలే."

ఎమ్మెస్సీ చెప్పాక ఇంకేముంది! పైగా శుభమా అని పొయ్యి వెలిగిస్తూ అపశకునం మాటలెందుకని అందరూ నోళ్ళు మూసుకున్నారు. అమ్మ చంకలో ఏడాది నిండని తమ్ముడు. నాయనమ్మ పళ్ళెంలో కర్పూరం పెట్టి, అగ్గిపెట్టె తీసింది...

"గియ్యొద్దు పెద్దమ్మగారూ! ఆపండి!"

నూర్జహాన్ పిన్ని పరుగున వచ్చి అగ్గిపెట్టె లాక్కుంది. మమ్మల్నందర్నీ వీధిలోకి తోసింది. సిలిండర్ కట్టేసి, కిటికీ, తలుపులు బార్లా తెరిచింది. గాలి ఆడాలని బాబాయి మళ్ళీ లోపలికొచ్చి ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి వెయ్యబోతే, "దాన్ని ముట్టుకోకండి బాబూ, మీకు దణ్ణం పెడతా!" అని చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

ఇంత చేస్తే ఆవిడకి దక్కిందేంటో తెలుసా... చీవాట్లు. "మంచి గడియలో ఆ గావుకేకలేంటమ్మా? చేతిలోది లాక్కోవడమేంటి?" అంది నాయనమ్మ. "తప్పైపోయిందండీ" అనేసి పిన్ని వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది.

ఇంగితం ఉన్నవాళ్ళతో ఇదే చిక్కండీ... వాళ్ళు చెయ్యాల్సింది చేస్తే ఏమీ జరగదు. జరగనిదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇప్పటికీ మావాళ్ళు కలిస్తే "నూర్జహాన్ ముహూర్తం చెడగొట్టిన రోజు" అని చెప్పుకుని పడీ పడీ నవ్వుతారు. మొన్న తమ్ముడి కూతుర్ని ఉయ్యాల్లో వేసినప్పుడూ అదే కథ, అవే నవ్వులు. ఇంట్లో అందరికీ డిగ్రీలే. నాకే రెండున్నాయి... "ఆవిడ లేకపోతే ఈ ఉయ్యాల ఎక్కడిది?" అని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనలేకపోయాను. విసుగొస్తోంది, ముందు నా మీద నాకే.

ఆ వాటా ఇప్పుడు లేదు, అపార్ట్‌మెంట్ లేచింది. పిన్ని ఏ ఊళ్ళో ఉందో, అసలుందో లేదో మాలో ఎవరికీ తెలీదు. ఎవరూ కనుక్కోలేదు.

మీ ఇంట్లోనూ ఏమీ జరగకుండా చూసిన మనిషి ఒకరుండే ఉంటారు. పేరు గుర్తొస్తే కింద రాయండి... ఆ మనిషి ఇంకా ఉంటే, రాయడం తర్వాత, ముందు ఫోన్ చెయ్యండి.