మా అత్తమ్మ, పాయఖాన గొలుసు

అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు. నాకు ఆ ఉత్తమత్వం మీద ఎన్నడూ మోజు లేదు. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. పెళ్లయి బోధన్‌కు వచ్చాక "తిన్నవా బిడ్డా" అని అడిగిన ఆడమనిషి మా అత్తమ్మ ఒక్కతే. తొలి కాన్పుకు పోవడానికి నాకు పుట్టిల్లంటూ లేదు కాబట్టి, ఆమే రుద్రూర్ పక్క పల్లె నుంచి మా దగ్గరికి వచ్చింది. వచ్చి వారం తిరగకముందే తిరిగి పోతానని మూట కట్టింది. దానికి కారణం నేను కాదు, మా ఆయనా కాదు. పెరట్లో ఉన్న పాయఖాన.

అది అరవైల నాటి ముచ్చట. మేము అద్దెకున్నది ఒక ముసలి సాయెబుగారి ఇల్లు. ముందు భాగంలో ఆయన, వెనక రెండు గదుల్లో మేము. ఆ గల్లీలో మొట్టమొదట నీళ్ల పాయఖాన కట్టించింది ఆయనే. కింద తెల్లటి పింగాణీ బేసిన్, తలకు పైన గోడకు బిగించిన ఇనుప టాంకీ, దానికి వేలాడే గొలుసు. గొలుసు గుంజితే నీళ్లు దబ్బున దూకి అంతా కడుక్కుపోతాయి. సాయెబుగారికి దాని మీద ఎంత మురిపెమంటే, ఇంటికొచ్చిన చుట్టాలకు చాయ్ ఇవ్వకముందే దాన్ని చూపించేవారు.

అత్తమ్మకు మాత్రం వండుకుతినే ఇంట్లో అదేమిటని ఏవగింపు. మొదటి రోజు తెల్లవారకముందే లేచి, చెంబు పట్టుకుని చేన్లకు బయలుదేరింది. కాని అవి ఊళ్లోని చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే రోజులు. మా ఇంటి వెనక బాట పొడుగునా చెరుకు బండ్లు బారులు తీరి ఉండేవి. బండివాళ్లు ఎడ్లను విప్పి, చలిమంటల చుట్టూ కూర్చుని చుట్టలు కాలుస్తూ, పాటలు పాడుతూ తమ వంతు కోసం చూసేవాళ్లు. ఆమె పెరటి గుమ్మం దాకా పోయి, చెంబు కొంగు కింద దాచుకుని వెనక్కి వచ్చింది.

"గింతమంది మొగోళ్ల నడుమకెల్లి యాడికి పోతమే?"

"అందుకే గద అత్తమ్మా ఇంట్లనే కట్టింది. పో, పోయి గొలుసు గుంజు, ఏం కాదు" అన్నాను.

పోయింది. చాలాసేపటికి ముఖం వేలాడేసుకుని వచ్చింది. గొలుసు గుంజితే నీళ్లు రాలేదట. నేను పోయి గుంజాను. దబ్బున వచ్చాయి. టాంకీ అప్పటికి నిండి ఉండదులే అనుకున్నాను. సాయంత్రమూ అంతే, మరునాడూ అంతే. ఆమె గుంజితే సన్నటి ధార కొంచెం కారి ఆగిపోయేది.

బకెట్‌తో నీళ్లు పోయొచ్చు కదా అంటారేమో. నీళ్లు పట్టుకునే నల్లా ఇంటి ముందర, సరిగ్గా సాయెబుగారు పొద్దంతా కూర్చునే కుర్చీకి ఎదురుగా ఉండేది. అత్తమ్మ మొదటిసారి బకెట్ నింపుతుంటే పాపం ఆ పెద్దమనిషి లేచి నిలబడి, గల్లీ అంతా వినేటట్టు, "ఏమైందమ్మా? పాయఖానల నీళ్లు వస్తలేవా?" అని పరామర్శించారు. ఆమె సిగ్గుతో చచ్చిపోయి బకెట్ అక్కడే వదిలేసి వచ్చింది. ఆనాటి నుంచి ఆమె వెనక బకెట్ మోసేది నేనే. అప్పటికి నాకు నెలలు నిండుతున్నాయి.

మా ఆయన ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాటా దగ్గర పనిచేసేవాడు. లోకంలో యంత్రమన్నదల్లా తనకు మేనమామ వరస అన్నట్టు మాట్లాడేవాడు. స్టూలెక్కి, టాంకీ మూత తీసి, తుప్పు తుడిచి, నూనె పోసి, ఇక చూడమని గొలుసు గుంజాడు. బ్రహ్మాండంగా వచ్చాయి. అత్తమ్మ మా ముందర గుంజడానికి సిగ్గుపడి, తలుపు వేసుకుని గుంజింది. రాలేదు. మిస్త్రీని పిలిపించాం. అతను గుంజినా వచ్చాయి. "గిది మంచిగనే ఉన్నదమ్మా, ఏం బాగు చెయ్యాలె?" అని సంచి సర్దుకున్నాడు. తన పాయఖానకు మిస్త్రీని పిలవడమే సాయెబుగారికి అవమానమైంది. స్వయంగా వచ్చి గుంజి, నీళ్లు దూకడం మా అందరికీ చూపించి, "ఆడలేక మద్దెల ఓడంటరు" అని మీసం దువ్వుకున్నారు.

ఊరందరి చేతికి పలికే టాంకీ మా అత్తమ్మ చేతికే పలకలేదు. "నేనంటె దానికి గిట్టది" అని ఆమె తేల్చేసింది. మేమూ నవ్వాం, ఆమె కూడా మాతోపాటు నవ్వింది.

నవ్విందే గాని, ఆ రాత్రి నుంచి బువ్వ మానేసింది. ఆకలి లేదంటుంది. నీళ్లయినా గొంతు తడుపుకునేంతే. తింటే పోవాలి, పోతే నేను బకెట్ మోయాలి. ఆ లెక్క నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

"కనేది నేనా నువ్వా? ఎందుకు ఉపాసం ఉంటున్నవు?" అని కేకలేశాను.

"నిండు సూలాలివి. బకెట్లు మోస్కుంట నా యెనుక తిరుగుతున్నవు. రేపు నీకేమన్న అయితె నా మొకం యాడ పెట్టుకోవాలె? నేను పోత బిడ్డా. కాన్పుకు ఎవలనన్న తోలిస్త."

నాకు నిజంగా భయమేసింది. కాన్పంటే నాకేమీ తెలియదు. ఆ గడియలో నా చెయ్యి పట్టుకునేది ఎవరో ముక్కూమొగం తెలియని మనిషి అంటేనే ఏడుపొచ్చింది. మా ఆయన బతిమాలాడు, బెదిరించాడు. ఆమె మూట విప్పలేదు.

మరునాడు పొద్దున బస్సు. మా ఆయన మూట పట్టుకుని ముందు గుమ్మంలో నిలబడ్డాడు. అత్తమ్మ పోయేముందు పెరట్లోకి వెళ్లింది. నేను బకెట్‌తో బయట నిలబడ్డాను. లోపల గొలుసు కిర్రుమని మెల్లగా దిగింది. మళ్లీ అంతే మెల్లగా ఎక్కింది. నేను గుంజినప్పుడు ఆ చప్పుడు అలా ఉండదే! తలుపు తోసి లోపలికి దూరాను. ఆ ఇరుకులో ఆమె, నేను, నా పొట్ట, బకెట్.

"నేను సూస్త, మళ్లొకసారి గుంజు."

ఆమె కాళ్లు ఊనింది. రెండు చేతులతో గొలుసు పట్టి, చెయ్యి మీద చెయ్యి వేసుకుంటూ కిందికి దించింది. అంతా దిగాక అలాగే బిగపట్టి, ఆ తర్వాత చేతిలోంచి జారకుండా కొంచెం కొంచెంగా పైకి వదిలింది. నాకు నవ్వాగలేదు.

"అత్తమ్మా, నువ్వు బాయిల నీళ్లు చేదుతున్నవే!"

మా ఆయన మూత తీసినప్పుడు నేనూ తొంగి చూశాను. టాంకీలో బరువైన ఇనుప గంట ఒకటుంటుంది. గుంజితే అది పైకి లేస్తుంది. ఒక్కసారిగా వదిలితే ధన్‌మని కింద పడి నీళ్లను గొట్టంలోకి నెడుతుంది. మెల్లగా దించితే నీళ్లు కదలవు. అదే చెప్పాను, గుంజడం కాదు, వదలడం ముఖ్యమని. ఆమె తలూపి మళ్లీ గుంజింది. మళ్లీ అంత జాగ్రత్తగానే పైకి పంపింది. ఇంకోసారి చూసింది. అప్పుడూ అంతే.

"చెయ్యి ఇడుస్తలేదు బిడ్డా" అంది, గొలుసు పట్టుకునే. "పదేండ్లకు అత్తగారింటికి పోయిన. ఓనాడు తాడు జారి ఇత్తడి బొక్కెన బాయిల వడ్డది. గాలమేసి తీసెదాంక మా అత్త నన్ను ఎండల బాయి కాడనే నిలవెట్టింది. బువ్వ గూడ వెట్టలే. గప్పటిసంది తాడు పట్టిన్నంటె ఇడ్వ."

నా నవ్వు ఆగిపోయింది. ఆమె చేతుల మీద చెయ్యి వేశాను.

"ఈడ మీ అత్త లేదు, నేనున్న. ఇడ్సిపెట్టు. ఏం పోదు."

ఆమె కళ్లు గట్టిగా మూసుకుని వేళ్లు విప్పింది. గొలుసు ఎగిరి గోడకు కొట్టుకుంది. పైన ధన్‌మంది. నీళ్లు దూకి మా కాళ్ల మీద చిందాయి. ఆమె ఉలిక్కిపడి నా భుజం పట్టుకుంది. వెంటనే సంబరం ఆపుకోలేక మళ్లీ గుంజి వదిలింది. ఈసారి చుక్క రాలేదు.

"అయ్యో, ఖరాబ్ చేసిన!"

"నిండనియ్యి అత్తమ్మా, నిండనియ్యి!"

ఇద్దరం గోడకానుకుని నవ్విన నవ్వుకు ముందు వాకిట్లో సాయెబుగారు దగ్గారు. టాంకీ నిండేదాకా ఆమె తల పైకెత్తి దాన్నే చూస్తూ నిలబడింది. నిండాక గుంజి, కళ్లు తెరుచుకునే వదిలింది. దబ్బుమని వచ్చాయి. అప్పుడు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏం పోదు అని గప్పుడు ఒక్కలన్న అనకపోయిరి" అంది.

ముందర మా ఆయన తొందరపెడుతున్నాడు. "అవ్వా, బస్సు యాళ్లయింది!"

"బస్సు లేదు గిస్సు లేదు. మూట లోపట వెట్టు" అని కొడుకును గదమాయించి, నా వైపు తిరిగింది. "ఆకలైతున్నదే బిడ్డా. ఏమన్న పెట్టు."

పొయ్యి అంటించి జొన్నరొట్టెలు చేశాను. ఆమె పొయ్యి పక్కనే కూర్చుని, పెనం మీంచి దిగినదాన్ని దిగినట్టు తింటూ ఉంది. రొట్టె తిప్పడం మరిచిపోయి నేను ఆమెనే చూస్తూ కూర్చున్నాను. రొట్టె మాడిపోయింది. ఆమె దాన్నీ వదలకుండా తిన్నది.