వరద మిగిల్చినదాన్ని నేను పీకేశాను

వరద చెయ్యలేకపోయిన పనిని నేనొక్కణ్ణే ఒక్క పూటలో చేశాను. గొప్పకి చెప్పడం లేదు, సాక్షులున్నారు, రెండు ఆవులతో సహా. ఇది చదివి మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, అందుకే రాస్తున్నాను. ఆ రోజు అక్కడున్నవాళ్లెవరూ మాత్రం నవ్వలేదు. 

ఊరి పేరు చెప్పను. వాళ్లు నన్ను మర్చిపోయి ఉంటే మళ్లీ గుర్తు చెయ్యడం నాకే నష్టం. బెంగాల్లోని ఖరగ్‌పూర్ నుంచి లారీలో రెండు గంటల పైచిలుకు దారి. ఆ ఏడు నది గట్టు తెగి ఊరు ఊరంతా నీళ్లలో మునిగింది. మా రైల్వే ట్రాఫిక్ కాలనీ తెలుగువాళ్లం కొందరం వీలు దొరికిన ఆదివారాల్లో వెళ్లి తోచిన సాయం చేసేవాళ్లం. తాల్‌బగీచా పేటలో దుప్పట్లు పోగు చేసి, మలంచా పేటలో బకెట్లు, టార్పాలిన్లు ఎక్కించుకుని బయలుదేరేవాళ్లం. మా జట్టుకి పెద్ద సింహాచలం మావయ్య. నాకు సొంత మావయ్యేం కాదు, కాలనీ మొత్తానికి మావయ్యే. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, కుర్రతనంలో శ్రీకాకుళం దగ్గర సొంతూళ్లో పొలం పని చేసినవాడు.

నేను అప్పటికి వర్క్‌షాపులో అప్రెంటిస్‌ని. ఇరవై మూడేళ్లు. పేరు ఈశ్వర్రావు, అందరికీ ఈసరు. మా తాత పొలం వదిలేసి రైల్వేలోకి వచ్చాక మా ఇంట్లో మూడు తరాలుగా మట్టి తొక్కినవాడు లేడు. రోజుకి మూడు పూటలా అన్నం తినే వంశం మాది, కానీ వరి చేను చూసింది రైలు కిటికీలోంచే. అదీ నేను ఎక్కువగా పై బెర్తు మీద పడుకునేవాణ్ణి.

నాకు తెలిసిన విద్య మరొకటి ఉంది. రైల్వేలో పెద్ద సాహెబు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడంటే వారం ముందు నుంచీ పనులన్నీ పక్కన పెట్టి అలంకారం మొదలెడతారు. గడ్డి పోచ కనబడకూడదు. రాళ్లన్నిటికీ సున్నం, చెట్ల మొదళ్లకి ఎర్రమట్టి. కదలకుండా నిలబడితే మనిషికి కూడా సున్నం కొట్టేస్తారు. ఈ కళలో నన్ను మించినవాడు మా షెడ్డులో లేడు. ఫిట్టింగు పని అడిగితే తల గోక్కునేవాణ్ణి గానీ, గడ్డి పీకమంటే రెచ్చిపోయేవాణ్ణి.

ఆ ఆదివారం ఉదయం ఊరి స్కూలు దగ్గర లారీ ఆగింది. ఊళ్లో కాస్త మెరక మీద ఉన్నది అదొక్కటే.

"ఒరే ఈసరూ, రేపు డాక్టర్లొస్తారట. నువ్వీ స్కూలు గదుల్లో బురద తీసి కడిగీ. మేం గట్టు కాడికెల్లి టార్పాలిన్లు పంచీసి వచ్చేస్తాం" అన్నాడు మావయ్య.

"గదులేనా మావయ్యా? ఇంకేటీ లేదా?"

"అదే సాలు. నువ్వు అదనంగా ఏటీ సెయ్యకు."

పెద్దవాళ్ల మాటలో చివరి ముక్కే అసలైనదని ఆ వయసులో ఎవడికి తెలుస్తుంది చెప్పండి? డాక్టర్లొస్తారు అన్న మాట నా చెవిలో ఇన్‌స్పెక్షన్ గంటలా మోగింది. గంటలో గదులు కడిగేశాను. చీపురు గోడకి ఆనించి బయటికి వచ్చి మైదానం చూశాను. ప్రాణం ఉసూరుమంది. గోడ పొడుగునా గడ్డి. అది చాలదన్నట్టు మైదానం మధ్యలో మా క్వార్టర్ మూడు గదులంత మేర జానెడెత్తు గడ్డి, దట్టంగా, లేతపచ్చగా, నిలబడి నన్ను వెక్కిరిస్తోంది. చుట్టూ విరిగిన వెదురు కర్రలు, చేపల వలల ముక్కలు అడ్డదిడ్డంగా నేలలో దిగి ఉన్నాయి. వరదలో కొట్టుకొచ్చిన చెత్త కాబోలు అనుకున్నాను.

ఇక్కడ మీలో పల్లెటూరివాళ్లు తల పట్టుకుని ఉంటారు. కాసేపు అలాగే పట్టుకోండి, ఇంకా ఉంది.

ముందు వెదురు కర్రలు పీకి గోడవతల పారేశాను. తరవాత చొక్కా విప్పి గడ్డి మీద పడ్డాను. నేల మెత్తగా ఉందేమో, పట్టుకుంటే చాలు వేళ్లతో సహా ఊడి వచ్చేసింది. ఇంత సుఖంగా ఊడే గడ్డిని నా సర్వీసులో చూడలేదు. మధ్యలోది పీకాను, గోడ పక్కది పీకాను. నా కంటికి రెండూ ఒక్క గడ్డే. మధ్యాహ్నం దాటేసరికి మైదానం మధ్యలో రెండు, గోడ పక్కన ఒకటి, మొత్తం మూడు కుప్పలు పోశాను. వాటి చుట్టూ ఇటుక ముక్కలు వరసగా పేర్చి, మేం తెచ్చిన బ్లీచింగ్ పౌడరుతో వాటికి తెల్ల గీత కూడా గీశాను. అటుగా పోతున్న రెండు ఆవుల్ని పిలిచి, ఒక కుప్ప చూపించి, "తినండమ్మా, వరదలో మీరెంత పస్తులున్నారో" అని వాటి మెడలు నిమిరాను. మూగజీవాలకి కూడా సాయం చేసినందుకు నా కళ్లు చెమ్మగిల్లాయి.

అప్పుడు వచ్చింది మాలతి మాసీ.

మాసీ అంటే బెంగాలీలో పిన్ని. అరవై ఏళ్ల మనిషి, ఒంటరిది. వరదలో ఇంటి గోడ కూలితే ఈ స్కూలు వరండాలోనే ఓ మూల ఉంటోంది. పొద్దున్నే మా జట్టు వెనకే టార్పాలిన్ కోసం గట్టు దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు టార్పాలిన్ చంకలో పెట్టుకుని తిరిగొచ్చి, గేటు దగ్గరే నిలబడిపోయింది.

"రండి మాసీ, రండి! చూడండి, ఎలా ఉంది?" అన్నాను బెంగాలీలో. పుట్టి పెరిగిన ఊరి భాష కదా, బాగానే వచ్చు.

ఆమె కన్నార్పకుండా మైదానం వైపు చూస్తోంది. మురిసిపోతోందనుకున్నాను.

"నేనొక్కణ్ణే చేశాను. ఎవరి సాయమూ లేదు."

ఆమె ఆవుల వైపు చూసింది. టార్పాలిన్ చంకలోంచి జారి కింద పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయ్యో, ఏడవకండి మాసీ. దీనికి థాంక్సెందుకు, ఇది మా బాధ్యత" అన్నాను. ఔను, అన్నాను. ఈ నోటితోనే అన్నాను. ఇన్నేళ్లయినా స్నానం చేస్తుండగా ఆ మాట గుర్తొస్తే చెంబు పక్కన పెట్టి నా చెంప నేనే వాయించుకుంటాను.

మాసీ నెమ్మదిగా వెళ్లి ఆవు నోట్లోంచి వేలాడుతున్న నాలుగు పోచలు లాక్కుంది. ఆవుల్ని అదిలించింది. ఆ పోచలు చేతిలో పట్టుకుని నేల మీద కూర్చుంది.

"ఇది నా నారు, బాబా" అంది, మనం నాయనా అన్నట్టు.

"నారా?"

"వరి నారు. నా చేలో నాటినదంతా నీళ్లలో కుళ్లిపోయింది. మా చెల్లెలి ఊరెళ్లి విత్తనం అడిగి, నడుం లోతు నీళ్లలో నెత్తిన పెట్టుకుని తెచ్చాను. ఎండిన నేల ఇదొక్కటే ఉందని స్కూలు మేష్టారు ఇక్కడ చల్లుకోమన్నారు. పదిహేడు రోజులైంది. మేకలు రాకుండా వలలు కట్టాను." ఆమె నన్ను తిట్టలేదు. మేకల సంగతి ఆలోచించాను గానీ మనుషుల సంగతి ఆలోచించలేదు అన్నట్టుగా నా ముఖంలోకి చూసింది, అంతే. "ఈ ఏటికి నాకిదే."

తిట్టి ఉంటే బాగుండేది.  పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. ఏడాది పొడుగునా ఆమె తినవలసిన అన్నాన్ని పీకి, కుప్ప పోసి, దాని చుట్టూ తెల్ల గీత గీశాను. చేసినదంతా చక్కగా, వంకర లేకుండా చేశాను. అదే మరీ ఘోరం.

అంతలో మావయ్య జట్టుతో తిరిగొచ్చాడు. గేట్లో అడుగు పెట్టాడో లేదో, కుప్పలు చూశాడు.

"ఓలమ్మో! ఈ ఆకు ఎవులు తీసినార్రా?" మా వైపు నారుని ఆకు అంటారు. అంటే ఆయన గేట్లోంచే పోల్చుకున్నాడు.

"నానే మావయ్యా."

"ఎందుకు తీసినావు?"

"గడ్డనుకున్నాను."

"గడ్డా?" గోడవతల పడున్న కర్రల వైపు చెయ్యి చూపించాడు. "కర్రలు పాతి, వలలు కట్టి గడ్డి పెంచుతార్రా ఎవులైనా?"

"వరదలో కొట్టుకొచ్చినాయనుకున్నాను."

"కొట్టుకొచ్చి వాటంతటవే పాతుకున్నాయా? ఈ తెల్ల గీతేటి?"

"డాక్టర్లొస్తారన్నావు గదా…"

"డాక్టర్లు జొరం సూత్తారా, నీ గీత సూత్తారా?" మావయ్య చెయ్యెత్తాడు. కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఆయన కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని మొక్కలు తిప్పి తిప్పి చూస్తున్నాడు. "ఏళ్లు బాగున్నాయి. పీకడం మాత్రం సక్కగా పీకినాడు ఎదవ. మాసీ!" అని బెంగాలీలోకి మారాడు. "ఇది నీళ్లలో పెడితే రేపటిదాకా బతుకుతుంది. ఇవాళే నాటేద్దాం."

"నా చేలో ఇంకా మోకాలి లోతు నీళ్లున్నాయి, దాదా. ఇంత లేత నారు మునిగి చస్తుంది" అంది మాసీ. "రోడ్డు పక్క మడొక్కటే కాస్త మెరక. అందులోనూ పిక్కలదాకా ఉన్నాయి."

"పిక్కలదాకేనా?" మావయ్య లేచాడు. "ఒరే, లారీలో బకెట్లు దించండి!"

పంచడానికి తెచ్చిన కొత్త బకెట్లు. ఊళ్లోవాళ్లు కొందరు, మేం పదిహేను మందిమి వరసగా నిలబడి ఆ మడిలో నీళ్లు తోడి పోశాం. నా వీపు మీద ఎండ, చెవుల్లో మావయ్య తిట్లు. తిట్లలో ఏ ఒక్కటీ రెండోసారి వాడలేదు, ఆయనకి అంత సరుకుందని మాకెవరికీ తెలియదు. నీళ్లు తగ్గాక మాసీ ముందు దిగి ఎలా నాటాలో చూపించింది. ఆమె గుచ్చిన మొక్కలు నిటారుగా నిలబడుతున్నాయి. ఆవులు మేసింది పోగా మిగిలిన నారు మడిలో ముప్పాతిక భాగానికి సరిపోయింది.

అందరూ కలిసి నాటుతుంటే నేను ఊరుకోగలనా? స్కూలుకి పరిగెత్తి, గోడ పక్కన పోసిన మూడో కుప్ప మోసుకొచ్చాను. మిగిలిన ఖాళీ మూలలో ఒక్కణ్ణే దిగాను. నాకెవరూ చెప్పక్కర్లేకుండా దారం కట్టి, పట్టాలు వేసినంత సూటిగా, పొద్దు వాలేదాకా నాటాను. ఒక్కో మొక్కకీ మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. నడుం పట్టేసి, మర్నాడు డ్యూటీలో నేను వంగినవాణ్ణి వంగినట్టే తిరిగితే, అదేదో వినయం అనుకుని మా మీద అజమాయిషీ చేసే ఛార్జిమన్ మెచ్చుకున్నాడు.

తరవాత నెల రోజులు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆ నారు బతికిందా లేదా? ఫోన్ చేసి అడగాలంటే భయం. అడక్కుండా ఉండాలంటే అంతకన్నా భయం. నలభై రోజులకి దుప్పట్లు పంచడానికి మళ్లీ లారీ బయలుదేరితే అందరికన్నా ముందు ఎక్కి కూర్చున్నాను.

లారీ మడి పక్కన ఆగింది. నేను దూకాను. బతికింది! మడంతా పచ్చగా ఊగుతోంది. అందులోనూ నా మూల! మిగతా చేను కన్నా బెత్తెడు ఎత్తు, రెట్టింపు దుబ్బు, వరసలు చెక్కుచెదరలేదు. గుండె మీంచి బండ దిగిపోయింది. ఆనందం పట్టలేక ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"సూడండి, అది నాను నాటిందే! మావయ్యా, నువ్వు నాటింది సూడు, నాను నాటింది సూడు. మందెయ్యలేదు, ఏటీ లేదు. సెయ్యి మంచిదైతే అంతే!"

మావయ్య నా మూల వైపు చూశాడు. నా వైపు చూశాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నేను ఆ పచ్చదనం మధ్యలో నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని నాలుగు ఫొటోలు తీయించుకున్నాను. కాలనీ గ్రూపులో పెట్టేశాను కూడా.

మాసీ గట్టు మీద కూర్చుని ఉంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. మళ్లీ ఏడుస్తోందేమోనని హడలిపోయి పరిగెత్తాను. ఏడవడం కాదు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. వరద వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారని పక్కింటావిడ తరవాత చెప్పింది.

"ఏమైంది మాసీ? నా మూలే అన్నిటికన్నా బాగా ఎదిగింది కదా?"

"ఎదిగింది బాబా, ఎందుకు ఎదగదు? అది ఊద గడ్డి. స్కూలు గోడ పక్కన మొలిచే కలుపు." ఆమె కళ్లు తుడుచుకుంది. "వరిని గడ్డి అనుకుని పీకావు, గడ్డిని వరి అనుకుని నాటావు. అయినా అరవై ఏళ్లలో గడ్డిని ఇంత వరసగా నాటినవాణ్ణి నేను చూడలేదు. చూడ్డానికి ఊరంతా వచ్చిపోతున్నారు, అందుకే పీకకుండా ఉంచాను."

మిగతా ముప్పాతిక మడి పండింది, ఆమె గింజలు ఇంటికి చేర్చుకుంది. అందుకు నేను ఏ దేవుడికి దణ్ణం పెట్టమన్నా పెడతాను. గ్రూపులో పెట్టిన ఫొటోలు మాత్రం తీసెయ్యడానికి వీల్లేకపోయింది. అప్పటికే మలంచా దాటి సగం ఖరగ్‌పూర్‌కి చేరిపోయాయి.

కాబట్టి, ఇది చదివిన మీ అందరి సాక్షిగా, స్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని ప్రమాణం చేస్తున్నాను: పచ్చగా కనిపించే ఏ మొక్కనైనా సరే, దాని సొంతదారు స్వయంగా వచ్చి, అది ఏమిటో నోరారా చెప్పి, కాయితం మీద సంతకం పెడితే తప్ప ఈ జన్మలో పీకను. మా క్వార్టర్ ముందు ఇప్పుడు గడ్డి నడుం ఎత్తు పెరిగింది. అది నా బద్ధకమని మా ఆవిడ అందరికీ చెబుతోంది. సంతకం పెట్టమంటే మాత్రం పెట్టదు.