మగ్గం మీద ఉన్నప్పుడు చెయ్యొద్దు

తెనాలిలో ఓ ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేసే స్టెల్లాకి పెద్ద పేరేమీ లేదు, సూది గుచ్చితే నొప్పి తెలీదన్న పేరు తప్ప. ఆవిడ ఆస్తల్లా ఓ జాబితా. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల రక్తం ఇచ్చే రెండొందల మంది పేరు, గ్రూపు, నంబరు, చివర్లో 'ఎప్పుడు ఫోన్ చెయ్యాలి' అన్న గడి. కొందరు సాయంత్రం అని రాశారు, కొందరు ఆదివారం ఆరాధనయ్యాక అన్నారు. ఈపురుపాలెం నేతగాడు బసవలింగం మాత్రం 'మగ్గం మీద ఉన్నప్పుడు చెయ్యొద్దు' అని రాయించాడు. మనిషి కరుకు. కానీ ఆయనది బాంబే గ్రూపు. ఆ గ్రూపువాళ్లకి ఆ గ్రూపు రక్తం తప్ప ఇంకెవరిదీ పనికిరాదు. జాబితా మొత్తానికి అలాంటివాడు ఆయనొక్కడే.

ఆ జాబితాని స్టెల్లా ఎవరిదో ఉచిత యాప్‌లో పెట్టింది. ఉచితమంటే ఎవరికి చేదు! రెండేళ్లకి నంబర్లన్నీ ఎవరెవరి చేతుల్లోనో పడ్డాయి. కొందరికి లోన్ కావాలా అంటూ ఫోన్లు. బసవలింగానికైతే ఎవడో చేసి, "బాటిల్ ఎంతకిస్తారండీ?" అని బేరం పెట్టాడు. "నా పేరు కొట్టెయ్ అమ్మాయ్" అన్నాడాయన, అంతే. స్టెల్లా కొట్టేసింది. ఫోన్లు మాత్రం ఆగలేదు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది.

అప్పుడు పట్టుబట్టింది. ఇలాంటి పనికే ఎవరో పుణ్యాత్ములు ఓ ప్రోగ్రాం రాసి, లోపలేముందో చూసుకుని మరీ తీసుకోండని నెట్‌లో ఉంచారు. దాన్ని మన పేరున తెరుచుకున్న క్లౌడ్ అకౌంట్లో మనమే పెట్టుకోవచ్చు. దీనికి మనం ఇరవైనాలుగ్గంటలూ నడపాల్సిన సర్వరంటూ ఉండదు. ఎవరైనా అడిగితే లేస్తుంది, పని చేసి పడుకుంటుంది. స్టెల్లా నాలుగు నెలలు వీడియోలు చూసి, తప్పు మీద తప్పు చేసి, మొత్తానికి నిలబెట్టింది. తాళం ఆవిడ దగ్గరే. పాత యాప్ నుంచి జాబితా తెచ్చి అందులో పోసింది.

ఆ వారమే రేపల్లె నుంచి సింధు అనే టీచరమ్మ వచ్చింది, ఎనిమిదో నెల. పరీక్ష చేస్తే బాంబే గ్రూపు. రక్తం సిద్ధంగా ఉండి తీరాలన్నారు డాక్టరుగారు. "ఒక్కరన్నా ఉన్నారా అక్కా?" అంది సింధు. స్టెల్లా జాబితాలో వెతికింది. బసవలింగం పేరు వచ్చింది! కొట్టేశామన్న పేరుని ఆ కంపెనీవాళ్లు అసలు తియ్యనేలేదు. ఇప్పుడది ఈవిడ కొత్త జాబితాలోకీ వచ్చి కూర్చుంది.

ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యబుద్ధి కాలేదు. రైలెక్కి చీరాలలో దిగి, ఈపురుపాలెం వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది, సింధు సంగతితో సహా.

"కొట్టెయ్యమంటే ఉంచావా? ముందు నా పేరు తియ్" అన్నాడు బసవలింగం.

ఆయన ఎదుటే తీసేసింది. ఎవరి పేరు వాళ్లే రాసుకోడానికీ, చూసుకోడానికీ ఉన్న పేజీని ఆయన ఫోన్లో తెరిచిచ్చింది. వెతుక్కున్నాడు. లేదు.

"పోయినట్టేగా?"

"ఇంకా పోలేదు బాబాయ్. పొరపాటున చెరిగితే తెచ్చుకోవడానికి నకలొకటి దాస్తుంది. అదీ తీస్తాను."

ఆ మాట చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది? చెప్పింది, తీసింది. తన ఫోన్లో ఉన్న నంబరూ తీసేసింది. "ఇప్పుడు నీకు చెయ్యాలన్నా చెయ్యలేను బాబాయ్."

ఆయన మగ్గం గుంటలోకి దిగాడు.

తిరుగు రైల్లో బాపట్ల దాటేసరికి స్టెల్లాకి భయమేసింది. సింధుకి ఏం చెప్పాలి? నిజాయితీకి పోయి ఆ పిల్ల ప్రాణం మీదికి తెచ్చానేమో అని ఏడ్చింది కూడా.

మర్నాడు డ్యూటీలో జాబితా తెరిస్తే కొత్త పేరొకటి. రాసినవాళ్లు తమంతట తామే రాశారు, అక్షరాలు అటూ ఇటూ పడ్డాయి. బసవలింగం, బాంబే గ్రూపు, నంబరు. చివరి గడిలో 'మగ్గం మీద ఉన్నా చెయ్యి' అని ఉంది.

స్టెల్లా చేసింది. అవతల మగ్గం చప్పుడు ఆగింది.

"ఎప్పుడు రమ్మంటావు?" అన్నాడు.