మామూలు మైక్రోస్కోప్‌కు అందని నా జబ్బు

ఆ ఉదయం డ్యూటీకి బయలుదేరుతుంటే బూట్లలోకి కాళ్ళు దూరలేదు. సంత్రాగాఛి రైల్వే యార్డులో సిగ్నల్ ఫిట్టర్‌ని నేను. ముందురోజు వేసుకున్న బూట్లే అవి. నా భార్య సువార్త నా ముఖం చూసి, చేతిలో టీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఏటండీ, కళ్ళు అలగ ఉబ్బిపోనాయి? ఏటైనా కుట్టిందేటి?"

ఏమీ కుట్టలేదు. మూత్రం సబ్బునీళ్ళలా నురగ కడుతోందని కొన్నాళ్ళుగా చూస్తూనే ఉన్నాను, ఎండల వల్ల అనుకున్నాను. ఆస్పత్రిలో యూరిన్ టెస్ట్ చేస్తే ప్రోటీన్ ఫోర్ ప్లస్, అంటే చాలా ఎక్కువగా పోతోందట. బ్లడ్‌లో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ బాగా తక్కువ. గార్డెన్ రీచ్ డాక్‌లో పనిచేసిన మా నాన్న కిడ్నీలు పాడైపోయి చనిపోయారు. ఇంటికొచ్చాక నాకూ సువార్తకూ అదే భయం.

భవానీపూర్‌లో నెఫ్రాలజిస్ట్, అంటే కిడ్నీ డాక్టరు, ఒక బెంగాలీ ఆవిడ. బయాప్సీ చెయ్యాలన్నారు. నన్ను బోర్లా పడుకోబెట్టి, ఊపిరి బిగపట్టమన్నారు. నడుము దగ్గర టక్కుమని చప్పుడు. సూదితో సన్నటి సేమ్యాలాంటి కిడ్నీ ముక్కలు తీశారు. అందులో చిన్న తునకను వేరే సీసాలో వేస్తుంటే, అదెందుకని అడగకుండా ఉండలేకపోయాను.

"ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కి, దాదా. అది వేరే ల్యాబ్‌కి వెళ్ళాలి. ఆలస్యమవుతుంది" అన్నారావిడ.

మొదటి రిపోర్టు ముందే వచ్చింది: లైట్ మైక్రోస్కోపీ నార్మల్, అంటే మామూలు మైక్రోస్కోప్‌లో ఏ తేడా లేదని. మా చర్చిలో అందరూ సంతోషించారు. నాకేమో నీరు తొడలదాకా ఎక్కింది.

"ఏటీ నేదంటే, మరి ఈ నీరు ఎక్కణ్ణించొత్తన్నాదండీ?" అంది సువార్త. నాకూ అదే ప్రశ్న. నీరు దిగే మాత్రలు మింగుతూ ఎదురుచూశాం.

రెండో రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు ఒక నలుపూ తెలుపూ ఫొటో మా ముందు పెట్టారు. నది మ్యాప్‌లా ఉంది. "కిడ్నీ ఫిల్టర్ మీద పోడోసైట్స్ అనే కణాలుంటాయి. వాటికి పాదాల్లాంటివి ఉంటాయి. అవి సన్నటి సందులు వదిలి నిలబడి, ప్రోటీన్‌ని మూత్రంలోకి పోకుండా ఆపుతాయి. మీకు అవి చదునుగా అతుక్కుపోయాయి. అంత చిన్నవి వెలుతురుతో కనబడవు, ఎలక్ట్రాన్లతో చూడాలి. దీన్ని మినిమల్ చేంజ్ డిసీజ్ అంటారు. భొయ్ పాబేన్ నా."

భయపడొద్దన్న ఆ మాట సువార్తకు అర్థమై ఏడ్చేసింది. మా నాన్న జబ్బేనా అని అడిగాను. కాదు, ఇది మందులతో తగ్గేదే అన్నారు. ఆ తర్వాత ఆ ఫొటోను ఎంతసేపు చూశానో! నా ఒంట్లోదే, నాకు తెలియని ప్రపంచం.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాక నీరు దిగింది, వాటి వల్ల ముఖం గుండ్రంగా అయింది, ఆకలి ఆగేది కాదు. డోసు తగ్గిస్తున్న రోజుల్లో జలుబు చేసి నురగ తిరిగొచ్చింది. మళ్ళీ పెద్ద డోసు, ఈసారి ఇంకా నెమ్మదిగా తగ్గింపు. చివరికి ప్రోటీన్ నిల్ అని వచ్చినప్పుడు, "ఆ పాదాలు లేచి నిలబడ్డాయా మేడమ్? ఫొటో తీసి చూపిస్తారా?" అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వారు. "చూడాలంటే మళ్ళీ సూది గుచ్చాలి!"

వద్దన్నాను, అవి చూడలేనే అని కాస్త బాధగానే. ఇప్పుడు మాత్రలు లేవు. యార్డులో డ్యూటీ చేస్తున్నాను, ఏ కాస్త జ్వరం వచ్చినా యూరిన్ టెస్ట్ చేయించుకుంటాను.

మీలో ఎవరికైనా కిడ్నీ బయాప్సీ చేసి, మొదటి రిపోర్టు నార్మల్ అన్నారనుకోండి. ఇంటికి బయలుదేరే ముందు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ రిపోర్టు ఇంకా రావాలా అని ఒక్క మాట అడగండి.