ఒక్క ఊపిరిలో రెండు పేర్లు

నా దగ్గరున్న మైకుల్లో ఒకదానికి లవంగం వాసన వస్తుంది. మొన్న ఈ కంగారూల దేశంలో, మా పెండిల్ హిల్‌లో ఒక ఓణీల ఫంక్షన్‌కి సౌండు సెట్టు బిగించి, పలుకుతోందో లేదో చూద్దామని దాన్ని నోటి దగ్గర పెట్టుకోగానే స్పాంజి తొడుగులోంచి ఆ ఘాటు గుప్పున తగిలింది. తొడుగును ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. అదంతా నా భ్రమ అంటుంది మా ఆవిడ. నేను మాత్రం ఆ మైకులో మాట్లాడిన వాళ్లకి పంటినొప్పి తగ్గుతోందని ఊరంతా చెప్పుకొచ్చాను. నన్నెరిగినవాళ్లు నా మాటలో ముప్పాతిక తీసేసి మిగిలింది నమ్ముతారు. మీరు నన్నెరగరు కనక ముందే చెప్పేస్తున్నాను. నేను పెంచి చెప్పిన చోట్లు మీకు ఇట్టే తెలిసిపోతాయి. తక్కినదంతా జరిగిందే.

ప్రసంగానికి ముందు బుగ్గన లవంగం పెట్టుకునే అలవాటు ఎస్తేరమ్మగారిది. ఆవిడ పాస్టరు. బాపట్ల వైపు మనిషి. భర్త పోయాక వెస్ట్‌మీడ్‌లో ఉంటున్న కూతురి దగ్గరికి వచ్చి, మనవల్ని చూసుకుంటూనే ఇక్కడి బైబిల్ కాలేజీలో చదివి, పాస్టరై, కూతురి గ్యారేజీలో నాలుగు కుటుంబాలతో సంఘం మొదలుపెట్టారు. నాకు పరిచయమయ్యేసరికి అది ఒక కమ్యూనిటీ హాలు నిండేంత పెరిగింది. మనిషి పొట్టి. తెల్లచీర కింద జాగింగ్ బూట్లు. పాస్టరంటే మగవాడేనన్న పాత అలవాటు కొద్దీ ముసలివాళ్లు కొందరు ఆవిణ్ణి కూడా "అయ్యగారూ" అని పిలిచేవారు. ఆవిడ నవ్వకుండా పలికేవారు. ఇక నా సంగతంటారా, వారమంతా బస్సు నడుపుతాను, శని ఆదివారాలు మైకు సెట్టు అద్దెకిస్తాను. మొక్కులన్నీ ఏడుకొండలవాడికే. అయినా ప్రతి ఆదివారం ఆవిడ హాల్లో, వెనక బల్ల దగ్గర, మీటల ముందు కూర్చునేది నేనే.

వెళ్లిన మొదటి వారమే పిల్లల్ని పోగేసి నా బస్సెక్కిన కంగారూ కథ అందుకున్నాను. సంచీలో పిల్లతో సహా ఎక్కిందనీ, బస్సు కార్డు మిషనుకి టక్కున తాకించిందనీ, ముందు సీట్లో కూర్చుని బ్లాక్‌టౌన్‌లో దిగి నాకు థాంక్స్ చెప్పిందనీ. పిల్లలు "నో వే అంకుల్!" అని కేకలు పెడుతున్నారు. వెనక నుంచి నెమ్మదిగా ఒక గొంతు వినిపించింది.

"దాని పేరేమిటండీ, కోటేశ్వరరావుగారూ?"

"కంగారూకి పేరేమిటండీ!"

"కార్డుందన్నారుగా. పేరు లేకుండా కార్డెలా ఇచ్చారు?"

తడుముకోకుండా "బ్రూసండీ" అన్నాను.

"సంచీలో పిల్లనేసుకున్న తల్లి పేరు బ్రూసా?"

పిల్లలు కింద పడి దొర్లారు. నా జీవితంలో నా కథ అంత ఘోరంగా కుప్పకూలింది ఆరోజే. నాకు అప్పుడు తెలియదు, అది ఆవిడ వేళాకోళం మాత్రమే కాదు, ఆవిడ పనిచేసే పద్ధతి. ఆ సంఘంలో పాటలయ్యాక ఒక్కొక్కరూ లేచి ప్రార్థన మనవులు చెప్పేవారు. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ రావాలి, బాబుకి సెలెక్టివ్ స్కూల్లో సీటు రావాలి, అత్తగారి మోకాలు కుదురుకోవాలి. ఎవరైనా "మా కుటుంబం కోసం" అని కూర్చోబోతే ఊరుకునేవారు కాదు. "కుటుంబంలో ఎవరికమ్మా? పేరు చెప్పు." పేరు చెప్పాకే అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థించేవారు. ఆ హోరుకి నా సెట్టు మీద శబ్దం కొలిచే దీపాలన్నీ ఎర్రబడేవి. పక్క వీధిలో పార్కు చేసిన కార్ల అలారాలు మోగేవి. సరే, అలారాలు మోగలేదు.

ఇశ్రాయేలులో, గాజాలో యుద్ధం మొదలైన వారం విక్టర్ అంకుల్ లేచాడు. ఆయన సంఘ పెద్ద. కొత్తగా దిగిన స్టూడెంట్లని ఇంట్లో పెట్టుకుని నెలల తరబడి అన్నం పెట్టిన మనిషి. ఏటా మనవాళ్లని హోలీ ల్యాండ్ టూరుకి తీసుకెళ్లి, యొర్దాను నీళ్లు సీసాల్లో తెచ్చి ఇంటింటికీ పంచేవాడు.

"ఇశ్రాయేలు దేశం గెలవాలని ప్రార్థన చేద్దాం అమ్మగారూ" అన్నాడు. హాల్లో చాలామంది ఆమెన్ అన్నారు.

"దేశానికి ఆకలీ నిద్రా ఉండవు విక్టర్‌గారూ. ఎవరి కోసం చేద్దాం? పేరు చెప్పండి."

అన్నిసార్లు వెళ్లొచ్చినా పాపం ఆయనకి టూరు గైడు పేరు కూడా గుర్తు రాలేదు. ఎస్తేరమ్మగారికి మాత్రం రెండు పేర్లు తెలుసు. వారం మధ్యలో ఆవిడ ఆసుపత్రికి వెళ్లి రోగుల పక్కన కూర్చునేవారు. అక్కడ మిరియం అనే యూదు ఆవిడ పరిచయమైంది. రిటైరైన పియానో టీచరు, భర్త చివరి రోజులు ఆ వార్డులోనే గడిచాయి. ఆ వార్డులో నర్సు నాదియా, పాలస్తీనా అమ్మాయి. మిరియం తమ్ముడి కొడుకు డానియేల్‌ని ఇశ్రాయేలు మీద దాడి జరిగిన రోజే గాజాలోకి ఎత్తుకుపోయారు. నాదియా అక్కని గాజాకి ఇచ్చారు, ఆవిడ కొడుకు ఎలియాస్ అక్కడే ఉన్నాడు, బాంబుల కింద. ఏ ఇంట్లో ఉన్నాడో, ఏ గుడారంలో ఉన్నాడో కబురు లేదు. ఎస్తేరమ్మగారు ఆ కుర్రాళ్లిద్దరి పేర్లనీ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఊపిరి తీసుకోకుండా పలికి, "ప్రార్థిద్దాం" అన్నారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం అంతే.

"శుక్రవారం ఆర్వో ఖాళీయేనా మీరు?" అని ఒకసారి నన్నడిగారు. మధ్యాహ్నాన్ని ఇక్కడ అలాగే అంటారు. పరమట్టా స్టేషన్ బయట, వేరే చర్చిల పాస్టర్లు ఇద్దరు ముగ్గురితో కలిసి అట్టముక్క పట్టుకుని నిలబడేవారు. రెండు వైపుల పిల్లలూ బతకాలి, కాల్పులు ఆపండి అని దాని మీద ఇంగ్లీషులో ఆవిడ చేతిరాత. చిన్న స్పీకరు తెస్తానన్నాను. "అరవడానికి కాదండీ, కనబడ్డానికి" అన్నారు. ఇంతలో ఒక కారువాడు అద్దం దించి, ఉగ్రవాదుల చుట్టానివా అని ఆవిణ్ణి తిట్టిపోయాడు. కాసేపటికి ఇంకొకడు ఆగి, పిల్లల్ని చంపేవాళ్లని వెనకేసుకొస్తావా అని తిట్టిపోయాడు. ఒకే మధ్యాహ్నం ఇద్దరికీ శత్రువైన మనిషిని చూడ్డం నాకదే మొదలు. "అయితే సరైన చోటే నిలబడ్డాం" అని ఆవిడ ఇంకో లవంగం నోట్లో వేసుకున్నారు.

సంఘంలో గొణుగుడు పెరిగింది. ఒక ఆదివారం కూడిక అయ్యాక, హాలు వెనక వంటగదిలో టీ కాగుతుండగా విక్టర్ అంకుల్ ఆవిణ్ణి ఆపాడు. నేను వైర్లు చుట్టుకుంటూ అక్కడే ఉన్నాను.

"మీ మీద గౌరవంతోనే చెప్తన్నా అమ్మగారూ. వచ్చేవారం కూడా ఆ పేర్లు రెండూ కలిపి ఎత్తారంటే మేం వేరే హాలు చూసుకుంటాం. సగంమంది నాతో వత్తారు."

"డానియేల్ పేరు ఎత్తితే ఇబ్బంది లేదుగా?"

"అదెందుకుంటది?"

"ఎలియాస్ పేరు? విడిగా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "విడిగా అయితే... సర్దుకుంటాం. కలపడమే."

"నాకు విడదీయడం చేతకాదు విక్టర్‌గారూ. హాలు చూసుకోండి. పార్కింగ్ ఉన్నది చూసుకోండి, ఇక్కడ చస్తున్నాం."

ఆయన వెళ్లాక ఆవిడ తాగని టీ సింకులో పారబోసి, అదే కప్పు రెండుసార్లు కడిగారు. భయంగా ఉందా అని అడిగాను.

"ఉండదూ? మన సంఘం పిల్లల్లో సగంమందికి పేర్లు పెట్టింది నేనే. వాళ్లంతా వెళ్లిపోతే ఆదివారం పొద్దున్నే తయారై నేనెక్కడికెళ్లాలి చెప్పండి?"

"పోనీ ఒక్క వారం మానెయ్యండి. చల్లబడతారు."

"ఏ వారం మానెయ్యమంటారు? ఎలియాస్‌కి ఆ వారమే అవసరమైతే?"

ఎంతటి ప్రశ్నకైనా జవాబు కల్పించగలనని నాకు పేరు. ఆరోజు వైర్లు చుట్టుకున్నాను.

ఆ వారం ఆవిడ మిరియంనీ నాదియానీ ఇద్దర్నీ హాలుకి పిలిచారు. సంగతి పసిగట్టి విక్టర్ అంకుల్ నాకు ఫోన్ చేశాడు. "ఎవరో కొత్తవాళ్లు వత్తన్నారంటగా?" అన్నాడు. "యేసు పుట్టిన ఊరి ఆవిడ వస్తోంది అంకుల్" అన్నాను. నేను చెప్పింది అక్షరాలా నిజం. నిజమే అయినా సగం చెప్పి ఊరుకోవడం నాకు సరదా. విడిపోదామని సిద్ధమైన మనిషి కూడా ఆ మాట విని పెండిల్ హిల్ కొట్లో జరీ శాలువా కొనుక్కొచ్చాడు.

మిరియం మెడలో యూదుల నక్షత్రం వేలాడుతోంది. అది చూడగానే ఆయన ఆవిణ్ణి ముందు కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, దేవుని ప్రజలు, యేసు పుట్టిన ఊరివాళ్లు మా హాలుకి వచ్చారని ఇంగ్లీషులో అంటూ దణ్ణం పెట్టాడు. ఆడవాళ్లు వచ్చి ఆవిడ చేతులు కళ్లకద్దుకున్నారు. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చిన నాదియా గోడవారన నిలబడి ఉంది. ఆ అమ్మాయికి ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

మిరియం కంగారుగా లేచి నిలబడింది. "నేను పుట్టింది మెల్‌బోర్న్‌లో. మీరు వెతుకుతున్న ఊరు ఆ అమ్మాయిది. నాదియాది బేత్లెహేము" అంది.

విక్టర్ అంకుల్ ఏటా ఆ ఊళ్లో బస్సు దిగి, ఫొటో దిగి, మళ్లీ బస్సెక్కిన మనిషి. అక్కడ ఈనాటికీ జనం కాపురముంటున్నారనీ, వాళ్లలో తనలాంటి క్రైస్తవులున్నారనీ, వాళ్లకి అక్కలూ మేనల్లుళ్లూ ఉంటారనీ ఎన్నడూ తోచినట్టు లేదు. ఖాళీ చేతులతో నిలబడిపోయాడు. "పర్లేదు అంకుల్" అంది నాదియా. వార్డులో తెలుగు నర్సులు నేర్పిన మాట. మిరియం శాలువా తీసి ఇవ్వబోతే ఆ అమ్మాయి వద్దని వారించింది. "ఉంచుకోండి, హాలు చల్లగా ఉంది."

ఎస్తేరమ్మగారు మైకు అందుకున్నారు. "ఇవాళ ప్రసంగం లేదు. డానియేల్, ఎలియాస్. ప్రార్థిద్దాం."

ఎప్పుడూ వచ్చే హోరు రాలేదు. నా సెట్టు మీద ఒక్క దీపమూ వెలగలేదు. ఆవిడ కళ్లు మూసుకుని అలాగే నిలబడ్డారు. అప్పుడు మిరియం గట్టిగా "ఎలియాస్" అంది. సొంత మేనల్లుడి పేరు కాదు, ఆ అమ్మాయి అక్క కొడుకు పేరు. నాదియా గోడ దగ్గర నుంచే "డానియేల్" అంది. ఎక్కడో మూల ఎవరో మొదలుపెట్టారు, తర్వాత ఇంకొకరు, తర్వాత నా దీపాలు ఎర్రబడ్డాయి. విక్టర్ అంకుల్ పెదవులు మాత్రం కదల్లేదు. కూడిక అయ్యాక బైబిలు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. అన్నట్టుగానే సగంమంది ఆయన వెంట వెళ్లారు.

వాళ్లు పార్కింగ్ ఉన్న హాలే చూసుకున్నారు. మైకు అక్కడా నాదే, పొద్దున ఇక్కడ, సాయంత్రం అక్కడ. "మేం కలిసిపోతే మీ వ్యాపారం ఏం కానండీ?" అని ఎస్తేరమ్మగారు నన్ను ఏడిపించేవారు. నవ్వేవారు కానీ, ఖాళీ కుర్చీలు మడతపెట్టి గోడకి చేర్చమంటే ఒప్పుకునేవారు కాదు. సంఘాన్ని పోగొట్టుకున్న మనిషిలా కాక, సంఘం బయటికెళ్లింది వచ్చేస్తుందన్నట్టు ఉండేవారు. మరుసటి చలికాలం దగ్గు పట్టుకుని, ఊపిరితిత్తులకి దిగి, తాను రోగుల పక్కన కూర్చున్న వార్డులోనే పోయారు. అప్పుడు నాదియా డ్యూటీలో ఉంది. మిరియం కుర్చీ వేసుకుని పక్కనే ఉంది. సమాధి దగ్గర విక్టర్ అంకుల్ అందరికంటే వెనక నిలబడి, అట్నుంచటే వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం సాయంత్రం ఆయన హాల్లో పాట సాగుతుండగా నా బల్ల దగ్గరికి వచ్చి వంగాడు. ఆయన చొక్కాకి కాలర్ మైకు తగిలించి ఉంది, దాని మీట నేను కిందికి దించి ఉంచాను.

"ఆ నర్సమ్మ అక్క కొడుకు... బతికున్నాడంటావా?"

చూడండి నాకు దొరికిన అవకాశం. ఆ కుర్రాడు సరిహద్దు దాటాడని, కైరోలో బళ్లో చేరాడని, ఫుట్‌బాల్ ఆడుతున్నాడని అక్కడికక్కడే అల్లగలను. ముసలాయన ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాడు.

"తెలీదంకుల్" అన్నాను.

"ఆ రెండో పిల్లోడు?"

"అదీ తెలీదు."

ఆ తర్వాత ఇద్దరి సంగతీ తెలిసింది. అది చెప్పుకోవలసింది మిరియం, నాదియా. నేను చెబితే కథైపోతుంది. ఎస్తేరమ్మగారు నాకు అంటించిపోయిన జబ్బు ఇది: పేరు తెలిసిన మనిషి మీద నాకిక కోతలు రావు. టీవీలో ఏ దేశం పేరు చెప్పినా అక్కడెవరు అని వెతుక్కుంటాను. బస్సు డిపోలో నా దగ్గర మునుపటంత మజా లేదని కుర్రాళ్లు చెప్పుకుంటున్నారు.

ఆ సాయంత్రం విక్టర్ అంకుల్ తలూపి, వేదిక పక్కన తెర చాటుకి వెళ్లి తల వంచుకున్నాడు. కాలర్ మైకు ఆన్‌లో ఉందని మరిచిపోయాడు. మీట దించి ఉంది కనక హాలుకి ఏమీ వినబడలేదు, నా చెవులకున్న హెడ్‌ఫోన్‌లోనే వినిపించింది. రెండు పేర్లు, మధ్యలో ఊపిరి తీసుకోకుండా. నా వేలు మీట మీదే ఉంది. పైకి జరపలేదు. ఇప్పటికీ ఆ రెండు పేర్లూ నాకు ఆ ముసలాయన గొంతులోనే వినిపిస్తాయి.